వాటర్ ట్యాంకు, వితంతువు స్థలం: లెక్క తేలాక మిగిలే బాకీ

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నానని, ఫలితాన్ని బట్టి మంచిచెడ్డలు తేల్చే ఉపయోగితావాదం గురించి, ఫలితం ఎలా ఉన్నా చెయ్యాల్సింది చెయ్యాలనే కర్తవ్యవాదం గురించి విడివిడిగా అడిగితే రాసేస్తున్నానని, కేస్ స్టడీ వచ్చేసరికి రెండూ కలగాపులగం అయిపోతున్నాయని రాశావు. నువ్విచ్చిన కేసు ఇది: ఊరంతటికీ మంచినీళ్లిచ్చే ట్యాంకు కట్టాలి, దానికి కుదిరే జాగా ఒక ముసలి వితంతువుది, అయిదు సెంట్లు, ఆవిడ ఇవ్వనంటోంది, నువ్వు సబ్ కలెక్టర్‌వి. నీ జవాబేమో ఉపయోగితావాది బెంథామ్ అయితే తీసుకోమంటాడు, కర్తవ్యవాది కాంట్ అయితే వద్దంటాడు, కాబట్టి మధ్యేమార్గంగా సానుభూతితో మాట్లాడి, మంచి పరిహారమిచ్చి తీసుకుంటాను అని. చివర్లో "ఇంతకీ రెండింటిలో ఏది సరైంది సార్?" అన్నావు.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను ప్రొఫెసర్ని కాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ ఎమ్మే చేశాను. ఆ చదువుతో కూడు రాదని ఇంట్లో పోరు పెడితే గ్రూప్-2 రాసి డిప్యూటీ తహసీల్దారుగా చేరాను, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ముప్ఫై ఏళ్లు తిరిగి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలకి ఎథిక్స్ చెబుతున్నాను. అంటే కాంట్‌ని చదివాను, జమాబందీ లెక్కలూ రాశాను. రెండోదే ఎక్కువ నేర్పింది.

నీ మధ్యేమార్గం తప్పని అనను గానీ అది జవాబు కాదు. ఇద్దరు పోట్లాడుకుంటుంటే చెరో మాటా అని పంపించేసే పెద్దమనిషి తీర్పు అది. పైగా బెంథామ్ తీసుకోమంటాడని, కాంట్ వద్దంటాడని ఎవరు చెప్పారు? నోట్సుల్లో ఒక వాక్యం ఉంటుంది, "ఒకరు ఫలితం చూస్తారు, ఇంకొకరు నియమం చూస్తారు" అని. అది నిజమే, కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని కేసులోకి దిగితే మునిగిపోతావు.

బెంథామ్ దగ్గర మొదలుపెడదాం. 1789లో వచ్చిన ఆయన పుస్తకంలో మూలసూత్రం ఒక్కటే, నువ్వు చేసే పని వల్ల ఎవరెవరి మీద ప్రభావం పడుతుందో వాళ్లందరి సుఖం, బాధ కలిపి తూకం వేసి, మొత్తం మీద సుఖం పెరిగే పని చెయ్యి. దీన్ని చాలామంది "మెజారిటీ మాట చెల్లుతుంది" అని రాసేస్తారు. అది పొరపాటు. వెయ్యి మందికి తలా కాస్త సౌకర్యం, ఒక మనిషికి బతుకే పోవడం, ఇలాంటప్పుడు తూకం ఆ ఒక్క మనిషి వైపే మొగ్గవచ్చు. చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతి కాదిది. ఇంకో పొరపాటు, ఇది స్వార్థం నేర్పుతుందనడం. నిజానికి దీని ప్రకారం నీ సుఖానికి, దారిన పోయే ముక్కూ మొహం తెలియని మనిషి సుఖానికి ఒకటే బరువు, రవ్వంత కూడా తేడా లేదు. జమీందారు బాధ, పాలేరు బాధ తక్కెడలో సమానం అనడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. పశువుల్ని కూడా లెక్కలోకి తెచ్చాడాయన, అవి ఆలోచించగలవా అని కాదు, బాధపడగలవా అని అడగండి అన్నాడు.

తర్వాత జాన్ స్టువర్ట్ మిల్. సుఖాల్లో పరిమాణమే కాదు, నాణ్యత కూడా ఉందని చేర్చాడు, పుస్తకంగా వచ్చింది 1863లో. అది నీ నోట్సులో ఉండే ఉంటుంది, వదిలేస్తున్నా. నోట్సులో ఉండని సంగతి ఒకటి చెబుతా. ఈయన 1823 నుంచి 1858 దాకా లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, మన దేశానికి వచ్చే ఉత్తరాల చిత్తులు రాయడమే పని. స్వేచ్ఛ మీద 1859లో అంత గొప్ప పుస్తకం రాసి, వెనకబడిన సమాజాలకి ఇది వర్తించదని అందులోనే ఒక వాక్యం పెట్టాడు. వెనకబడినవాళ్లంటే మనమే. తక్కెడ ఎంత న్యాయమైనదైనా పట్టుకునే చెయ్యి ఎవరిదో చూసుకోవాలని పిల్లలకి చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణే వాడతాను.

ఇక కాంట్. 1724లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టి, ఆ చుట్టుపక్కలే బతికి, అక్కడే పోయాడు. 1785 నాటి చిన్న పుస్తకంలో రెండు మాటలు పట్టుకో, చాలు. ఒకటి, మనిషిని ఎప్పుడూ "కేవలం" సాధనంగా వాడుకోకు. ఆ "కేవలం" అనే మాట వదిలేసి రాస్తారు పిల్లలు, అక్కడే మార్కు పోతుంది. ఆటో అతన్ని నేను రోజూ సాధనంగానే వాడుకుంటున్నాను, అతనికి తెలుసు, డబ్బులు తీసుకుంటున్నాడు, ఇష్టమైతే ఎక్కించుకుంటాడు, లేకపోతే పొమ్మంటాడు. అతనికి అబద్ధం చెప్పి ఎక్కితే మాత్రం అతన్ని కేవలం చక్రాల బండి చేసినట్టు. రెండోది, నువ్వు పాటించే సూత్రాన్నే అందరూ పాటించే చట్టంగా కోరుకోగలవా అని చూడమన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ మనకి బాగా తెలిసిన వ్యవహారమే, తీర్చలేనని తెలిసే, తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకోవడం. మనం చేబదులంటామే, అది. నువ్వు దీన్ని "అందరూ అలా చేస్తే సమాజం పాడైపోతుంది కాబట్టి తప్పు" అని రాశావు. అమ్మా, అది మళ్లీ ఫలితం చూడటమే! కాంట్ అనేది వేరు. అందరూ అలా చేస్తే "తీరుస్తాను" అనే మాటకే అర్థం ఉండదు, అంటే ఎదుటివాడు నమ్మాలని కోరుకుంటూనే ఎవరూ నమ్మని లోకాన్ని కోరుకుంటున్నావు. తప్పు ఆ కోరికలోనే ఉంది, తర్వాత ఎవరికి నష్టం వచ్చిందనేది పక్క సంగతి.

ఇంకో పెద్ద గందరగోళం కూడా ఇక్కడే తేల్చుకోవాలి, ముఖ్యంగా నువ్వు అధికారివి కాబోతున్నావు కాబట్టి. కర్తవ్యవాదం అంటే రూల్ బుక్ పాటించడం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం, కరెంటు స్తంభాలు ఎక్కడికక్కడ వాలిపోయాయి. మాకు ఒక మండలంలో టార్పాలిన్లు పంచే డ్యూటీ పడింది. రేషన్ కార్డు చూసి, జిరాక్స్ తీసుకుని, సంతకం పెట్టించుకుని ఇవ్వాలని చెప్పారు. కరెంటే లేని చోట జిరాక్స్! ఒక కుటుంబం కార్డు లేకుండా వచ్చింది, ఇల్లు పడిపోయినప్పుడు పెట్టె తడిసి ముద్దయిందట, చేతిలో చంటిపిల్ల. నా పక్కన ఉన్న మిత్రుడు మంచివాడే, "రూల్ ఒప్పుకోదమ్మా, నా చేతుల్లో లేదు" అన్నాడు. సాయంత్రం టీ తాగుతూ నాతో "నేను కాంట్ టైపు గురూ, ఫలితం నాకు అనవసరం" అని నవ్వాడు. కాంట్ ఉంటే లేచి కొట్టేవాడు. కాంట్ చెప్పిన చట్టం నీ బుద్ధి నీకు నువ్వు విధించుకునేది, పైనుంచి వచ్చిన సర్క్యులర్ కాదు. "నా చేతుల్లో లేదు" అన్నప్పుడు మనిషి తన బుద్ధిని అవతల పెట్టేసి తానే ఒక సాధనం అయిపోతున్నాడు. నేను తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఇచ్చాను, ఆ తర్వాత ఆడిట్ వాళ్లు రాసిన అభ్యంతరానికి రెండేళ్లు జవాబులు రాశాను, అది వేరే గోల.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ రెండు సిద్ధాంతాల తేడా అవి ఇచ్చే జవాబులో లేదు, చాలా కేసుల్లో రెండూ ఒకే జవాబు చెబుతాయి. తేడా తెలిసేది నిర్ణయం అయిపోయిన తర్వాత. ఉపయోగితావాదిని అడుగు, సరైన నిర్ణయం తీసుకున్నాక ఇంకేమైనా మిగిలిందా అని. లెక్క సరిగ్గా వేశావు కదా, ఖాతా మూసెయ్ అంటాడు. నష్టపోయిన మనిషి నష్టం కూడా లెక్కలో తీసివేతగా వేసేశాం, ఇంకా ఏముంది? కర్తవ్యవాది దగ్గర అలా కుదరదు. నువ్వు చేసింది ఆ పరిస్థితుల్లో సరైనదే అయినా, నువ్వు ఎవరికైతే చెయ్యాల్సింది చెయ్యలేకపోయావో వాళ్లకి నువ్వు బాకీ. ఈ మాట స్పష్టంగా అన్నది కాంట్ కాదు, 1930లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రాస్ అనే తత్వవేత్త. మనకి కర్తవ్యాలు చాలా ఉంటాయి, ఒకదానికొకటి అడ్డం వస్తాయి, బరువైనదాని కోసం తేలికైనది వదలాల్సి వస్తుంది, కానీ వదిలినది మాయమైపోదు, మనసులో ముల్లులా ఉంటుంది, ఏదో రకంగా భర్తీ చెయ్యాల్సిన కొత్త కర్తవ్యం అవుతుంది అంటాడు. నోట్సుల్లో రాస్‌కి రెండు లైన్లే ఇస్తారు. నన్నడిగితే పరిపాలనలో ఉండేవాళ్లకి ఈయనే ముఖ్యం.

అయితే ఇది రాస్ కనిపెట్టాడని నేను అనుకోను, మన భారతంలో ఎప్పటినుంచో ఉంది. అదుపు తప్పిన బండి అయిదుగురి మీదకి పోతుంటే ఒకడి మీదకి మళ్లించొచ్చా అనే ట్రాలీ బండి కథ అందరూ రాస్తారు, 1967లో ఫిలిపా ఫుట్ అనే తత్వవేత్త పెట్టినది, మంచిదే, కానీ మన ఊళ్లో ట్రాలీ లేదు, కౌశికుడు ఉన్నాడు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. కౌశికుడనే తపస్వికి నిజమే చెబుతానని వ్రతం. దొంగలు తరుముతుంటే కొంతమంది ఆయన ఆశ్రమం పక్కనుంచి అడవిలో దాక్కున్నారు. దొంగలొచ్చి ఎటు వెళ్లారని అడిగారు. చెప్పేశాడు. వాళ్లని చంపేశారు, కౌశికుడు నరకానికి పోయాడు. ఇప్పుడు 1797లో కాంట్ రాసిన చిన్న వ్యాసం చూడు, హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగితే అబద్ధం చెప్పొచ్చా అనేది ప్రశ్న, ఫ్రాన్స్ నుంచి కాన్‌స్టాంట్ అనే ఆయన ఎత్తిపొడిచిన దానికి జవాబు. కాంట్ చెప్పకూడదనే అన్నాడు. కాంట్ అభిమానులు కూడా ఈ వ్యాసం దగ్గరకొచ్చేసరికి నీళ్లు నములుతారు. మన వ్యాసుడు కౌశికుణ్ణి నరకంలో వేసి ఆ వాదానికి ఎప్పుడో జవాబు చెప్పేశాడు.

కానీ కథ అక్కడితో ఆపేసి "చూశారా, మనవాళ్లు ఫలితమే చూశారు" అని రాస్తే సగమే చదివినట్టు. ఆ కథ కృష్ణుడు ఎప్పుడు చెప్పాడు? గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్ అని ధర్మరాజు తిట్టాడు, అలా అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ, కత్తి దూశాడు. కృష్ణుడు వద్దన్నాడు, అన్నని చంపడం ఏం సత్యం అన్నాడు. అంతటితో వదిలెయ్యొచ్చు కదా? వదల్లేదు. పెద్దవాణ్ణి "నువ్వు" అని ఏకవచనంతో తిడితే చంపినంత పని, అది చెయ్యి అన్నాడు. (ఆ లెక్కన మన శ్రీకాకుళంలో రోజుకి ఎన్ని హత్యలో, కలెక్టర్ని కూడా "నువ్వు" అనేస్తారు మనవాళ్లు, అదీ ప్రేమతోనే.) తిట్టాక అన్నని తిట్టానే అని అర్జునుడు తనని తాను చంపుకోబోతే, ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానం, నిన్ను నువ్వు పొగుడుకో అన్నాడు. చిన్నప్పుడు ఇదంతా విని నవ్వేవాణ్ణి, ఏదో లొసుగు వెతికాడని. సర్వీసులో పడ్డాక అర్థమైంది. మాట తప్పక తప్పలేదు, తప్పడమే సరైన పని, అయినా ఆ మాటకి ఎంతో కొంత చెల్లించకుండా వెళ్లడానికి లేదు.

అశ్వత్థామ సంగతీ అంతే. ద్రోణుడు పడకపోతే యుద్ధం పోతుంది, ధర్మరాజు ఆ ఒక్క మాట అన్నాడు, గొంతు తగ్గించి ఏనుగు అన్నాడు, యుద్ధం గెలిచారు. ఫలితం లెక్కలో నూటికి నూరు. అయినా అంతవరకు నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచే రథం ఆ క్షణమే నేలకి దిగింది, చివర్లో ఆ మాటకే నరకం చూసి వెళ్లాల్సి వచ్చింది. గమనించు, అతను చేసింది తప్పు నిర్ణయమని భారతం కుండబద్దలు కొట్టి తేల్చెయ్యదు. బాకీ మాత్రం వసూలు చేసింది.

దీనికి ఎదురు వాదం కూడా బలమైనదే, దాచను. ఉపయోగితావాది అంటాడు, మీ ముల్లు, మీ బాధ మంచివే, అధికారికి ఆ బాధ ఉంటే రేపు అనవసరంగా ఎవరికీ నష్టం చెయ్యడు, కాబట్టి అది కూడా ఉపయోగమే, మా లెక్కలోకే వస్తుంది అని. తెలివైన మాట. కానీ ఉపయోగపడుతుంది కాబట్టి బాధపడు అంటే ఆ బాధ ఎవరి గురించి? బాకీ ఉన్న మనిషి గురించి కాదు కదా, భవిష్యత్తు లెక్క గురించి. ఇక్కడే నాకు ఆ సిద్ధాంతం మీద నమ్మకం సడలింది.

అలాగని లెక్కే వద్దనే వాళ్లతో నాకు ఇంకా పెద్ద తగువు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి నీకు తెలుసు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మాకు చుట్టాలున్నారు, మా చిన్నాన్న కొడుకు డయాలసిస్ కోసం మొదట్లో వైజాగ్ వెళ్లేవాడు, వారానికి రెండుసార్లు, ఒక్కో విడత నాలుగు గంటలు మిషన్ మీద, మిగతా రోజు రైల్లో. దగ్గర్లో సెంటర్లు, 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి వచ్చింది తర్వాత. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్నప్పుడు ఎవరికివ్వాలి? ఈ ప్రశ్న లోకంలో మొదటిసారి బాహాటంగా ఎదురైంది అమెరికాలో, సియాటిల్‌లో. 1960లో అక్కడ స్క్రిబ్నర్ అనే డాక్టరు రక్తనాళంలో ఉంచేసే గొట్టం కనిపెట్టాక ఏళ్ల తరబడి డయాలసిస్ సాధ్యమైంది, కానీ మిషన్లు కొన్నే. దాంతో ఏడుగురితో ఒక కమిటీ వేశారు, అందులో లాయరు, చర్చి ఫాదరు, బ్యాంకరు, గృహిణి, ఇలా ఊళ్లో మనుషులు. డాక్టర్లు పనికొస్తారన్న రోగుల్లోంచి ఎవరు బతకాలో వీళ్లు తేల్చాలి. వయసు, పెళ్లి, పిల్లలు, సంపాదన, చదువు, చర్చికి వెళ్తాడా, ఇవన్నీ చూశారు. 1962లో ఒక పత్రిక దీన్ని బయటపెట్టేసరికి గగ్గోలు.

ఇప్పుడు చెప్పు, ఆ కమిటీ ఉపయోగితావాదమా? వాళ్లు అలాగే అనుకుని ఉంటారు, సమాజానికి ఎక్కువ పనికొచ్చేవాడు బతికితే ఎక్కువ మేలు అని. కానీ బెంథామ్ తక్కెడలో ప్రతి మనిషికీ ఒకటే బరువు కదా, వీళ్లు తమలాంటి మనిషికి ఎక్కువ బరువు వేశారు. దీనికి కర్తవ్యవాది ఇచ్చే మందు మనకి తెలిసిందే, వరస. ముందొచ్చినవాడికి ముందు, లేకపోతే చీటీ. వరసకి నువ్వు ఎవరి కొడుకువో, ఎంత చదివావో తెలియదు, అదే దాని గొప్ప. కానీ వరసకి గుడ్డితనం కూడా ఉంది, మిషన్ పెట్టినా వారం బతకని మనిషి ముందుంటే, పెడితే పదేళ్లు బతికే పిల్ల వెనకుంటే అది కదలదు. నా అభిప్రాయం అడిగితే, వైద్యపరంగా ఎవరికి ఎంత మేలు అనేది చూడొచ్చు, మనిషిగా ఎవరి విలువ ఎంత అనేది చూడకూడదు. ఈ గీత గీయడానికి నాకు ఇద్దరూ కావాలి, బెంథామ్ ఒక్కడితో కుదరలేదు, కాంట్ ఒక్కడితోనూ కుదరలేదు. ఇంకో మాట, 1972లో అమెరికా ప్రభుత్వం దాదాపు అందరికీ డయాలసిస్ ఖర్చు భరించే చట్టం చేసింది. అంటే చివరికి ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు, మిషన్లు పెంచారు. కేస్ స్టడీలో ఎప్పుడూ ముందు ఇది చూడు, ఇద్దరిలో ఎవరు అనే ముందు, నిజంగా ఒకటే మిషన్ ఉందా అని. నీ కేసులో ట్యాంకుకి నిజంగా ఆ అయిదు సెంట్లు తప్ప జాగా లేదా? ఇంజనీరు "లేదు" అన్నాడా, "అదే సులువు" అన్నాడా?

నా సొంత సంగతి చెప్పాలి, దానికోసమే ఇంత రాశాను. చాలా ఏళ్ల కిందట, కొండల వైపు ఒక ముంపు గ్రామం, పేరు ఎందుకులే. అప్పటికి భూసేకరణకి 1894 నాటి చట్టమే. చింతచెట్టు కింద గ్రామసభ, నేను మైకు లేకుండా అరుస్తున్నాను, కింద ఇన్ని వేల ఎకరాలకి నీళ్లొస్తాయి, అందరికీ మేలు, మీరు సహకరించాలి అని. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ లేచింది. గొంతేమీ పెంచలేదు. "అందరికీ మేలంతన్నావు గదా బావూ, ఆ అందర్లో నాను లేనేటి?"

జనం నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వేసి ఏదో చెప్పాను. రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఎందుకంటే బెంథామ్ దగ్గర ఆమెకి నిజాయితీగల జవాబు ఉంది, "ఉన్నావమ్మా, ఒకటిగా ఉన్నావు, నీ ఒకటీ వేశాకే లెక్క ఇటు తేలింది" అని. మరి నేను ఎందుకు ఆ మాట ఆమె మొహం మీద అనలేకపోయాను? ఆమె అడిగింది నన్ను లెక్కపెట్టావా అని కాదని అప్పుడు తట్టింది. నాతో మాట్లాడావా, నన్ను అడిగావా అని. లెక్కలో ఉండటం వేరు, మాటలో ఉండటం వేరు. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టం చూడు, ఈ రెండూ ఒకే చోట ఇరుక్కున్నాయి. వచ్చే మేలు సామాజిక నష్టం కంటే ఎక్కువేనా అని అంచనా వెయ్యమంది, అది బెంథామ్. ప్రైవేటు కంపెనీలకైతే బాధిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం ఒప్పుకోవాలంది, అది కాంట్ అనుకుంటాం. కానీ ఒప్పుకోలుకి శాతం పెట్టిన మరుక్షణం అదీ తూకమే అయింది, మిగిలిన ఇరవై మంది మళ్లీ ఆ ముసలమ్మే. ప్రభుత్వం సొంతంగా కట్టే ప్రాజెక్టుకి ఆ శాతం కూడా అక్కర్లేదు. రాష్ట్రాలు తర్వాత చేసుకున్న సవరణల జోలికి నేను పోను.

మర్నాడు కొలతలకి ఆమె ఇంటికి వెళ్లాం. ఇల్లు పోరంబోకులో ఉంది, కాబట్టి స్థలానికి మా లెక్కలో ఏమీ రాదు, కట్టడానికి మాత్రమే విలువ, మట్టిగోడలు, తాటాకు కప్పు. వీఆర్వో టేపు పట్టుకున్నాడు, నేను రాసుకుంటున్నాను. ఆమె డబ్బు గురించి అడగలేదు. "ఏటేటి తీసుకుంతన్నారో అదంతా కాయితం మీద రాసియ్యి బావూ" అంది. నేను చెప్పాను, అవార్డులో, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వులో, వస్తుందమ్మా అని. అందులో పోరంబోకు పనసచెట్టు రాయరని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. చివరికి ఒక తెల్లకాగితం తీసి పంచనామాలా రాశాను. ఇల్లు ఒకటి, రెండు గదులు. పనసచెట్టు ఒకటి, కాపు మీద ఉన్నది. పాతిన రోలు ఒకటి. నుయ్యి, ఇద్దరు వాటాదార్లది, అందులో సగం. ఆమె చెబుతుంటే వీధి అరుగు కూడా రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆ కాగితానికి చట్టంలో చిల్లిగవ్వ విలువ లేదు. ప్రాజెక్టు ఆగలేదు, ఆగాలని నేను ఇప్పటికీ అనను, కింద ఊళ్లలో ఆ నీళ్లు నేను చూశాను.

అందుకని నీ కేసుకి నేనైతే ఇలా రాస్తాను. వేరే జాగా నిజంగా లేదని తేల్చుకుంటాను. ఆవిడ ఎందుకు ఇవ్వనంటోందో వెళ్లి వింటాను, నీ జవాబులో ఆ వాక్యమే లేదు చూడు, సానుభూతితో మాట్లాడతానన్నావు గానీ వింటానని రాయలేదు. అన్నీ అయ్యాక తీసుకోవాల్సి వస్తే తీసుకుంటాను, మంచినీళ్లు చిన్న విషయం కాదు. కానీ ఆ పరిహారాన్ని ధర అని రాయను, ఎందుకంటే ధర చెల్లిస్తే లావాదేవీ ముగిసినట్టు. ఊరు ఆవిడకి బాకీ ఉందని రాస్తాను, ఆ బాకీ ఎలా కనపడుతుందో ఒకటి రెండు పనుల్లో చూపిస్తాను, అదే వీధిలో ఇంకో స్థలం, మొదటి కుళాయి ఆవిడ గుమ్మం దగ్గర, ఇలా నీకు తోచినవి. ఎగ్జామినర్‌కి నచ్చుతుందా అంటే, బెంథామ్, కాంట్, రాస్ ముగ్గురూ పని చేస్తున్న జవాబు అది, పేర్లు వరసగా పేర్చిన జవాబు కాదు. నీ పాత జవాబు పక్కన పెట్టి మళ్లీ రాసి పంపు, చూస్తాను.

ఆ కాగితం సంగతి ముగించలేదు కదూ. రిటైరయ్యాక ఆ పునరావాస కాలనీలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాలయ్యాక ఒక కుర్రాడు వచ్చి "మీరే కదా సార్ అప్పుడు డీటీ గారు?" అన్నాడు. ముసలమ్మ మనవడు, ఆమె పోయి నాలుగేళ్లయిందట. ఇంట్లోకెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అదే కాగితం, మడతల దగ్గర చిరిగితే టేపు అంటించారు. నా సంతకం ఉంది, తేదీ వెయ్యడం మర్చిపోయానని అప్పుడు చూశాను. "ఇది పెడితే బ్యాంకులో లోన్ వస్తాదా సార్?" అని అడిగాడు. రాదు బాబూ అన్నాను. ఏమీ అనలేదు, మళ్లీ అవే మడతల మీద మడిచి కవర్లో పెట్టుకున్నాడు.